ప్రొపోలిస్ చుక్కలు ఇంటిల్లిపాదీ వేసుకోవచ్చా?

ప్రశ్న: అక్కా నమస్తే. ఆఫీసులో నా పక్క సీటావిడ ప్రొపోలిస్ చుక్కలని ఒక చిన్న బాటిల్ తెప్పించి ఇచ్చింది. తేనెటీగలు తయారుచేసేదంట, పూర్తిగా నేచురల్ అంట, రోజూ పొద్దున్నే ఇంట్లో అందరూ పది చుక్కలు నీళ్ళలో వేసుకుని తాగితే జలుబు దగ్గర్నుంచి షుగర్ దాకా అన్నీ దారికొస్తాయంట. నాకేమో ఏడాదికి మూడు నాలుగు సార్లు పెదవి చివర పొక్కులొస్తాయి. మావారికి నోటిపూత. మా అత్తగారికి షుగర్ ఉంది, గుండెలో వాల్వ్ మార్చినప్పట్నుంచి రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నారు. పాపకి నాలుగేళ్ళు, నెల తిరక్కుండా జలుబు, ఒక్కోసారి పిల్లికూతలు కూడా. మేం నలుగురం వాడొచ్చా? ఇంకోటి, మూత తీసేటప్పుడు టేబుల్ మీద గుడ్డ మీద నాలుగు చుక్కలు పడ్డాయి, ఎంత ఉతికినా ఆ మరక పోవట్లేదు. అలాంటిది కడుపులోకి వెళ్తే ఏమవుతుందోనని కూడా భయంగా ఉంది.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. మిగతా కబుర్లన్నీ తర్వాత, ముందు మీ అత్తగారి గ్లాసులో ఆ చుక్కలు పడకుండా చూడు. వాల్వ్ మార్చినవాళ్ళకిచ్చే ఆ మాత్ర వార్ఫరినో, దాని అన్నదమ్ముల్లో ఒకటో అయ్యుంటుంది, దాంతో బతకడం కత్తి మీద సామే, కొంచెం ఎక్కువైతే చిగుళ్ళలోంచి, ముక్కులోంచి, ఖర్మకాలితే మెదడులో కూడా రక్తం కారుతుంది, కొంచెం తక్కువైతే వాల్వ్ మీద గడ్డ కడుతుంది, అందుకే కదా రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ అనే టెస్టు మాటిమాటికీ చేయించి డోసు అటూ ఇటూ జరుపుతుంటారు. ప్రొపోలిస్‌లో ఉండే కొన్ని పదార్థాలు రక్తం గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేస్తాయని ల్యాబుల్లో తేలింది, అసలే అంచు మీద నడుస్తున్న మనిషిని ఎవరైనా పక్కనించి తోస్తారా చెప్పు. ఆపరేషన్లకి ముందు, పన్ను పీకించుకునే ముందు కూడా కనీసం రెండు వారాలు ఇది ఆపమనేది ఇందుకే. ఇప్పటికే నాలుగు రోజులు తాగేసి ఉంటే గాబరా పడొద్దు, ఆపేసి, ఆవిడ డాక్టరుకి సంగతి చెప్పి ఐఎన్ఆర్ ఒకసారి చూపించండి, బాటిల్ కూడా పట్టుకెళ్ళండి. నేచురల్ కదా, చెప్పేదేముంది అని దాచొద్దు, నేను మందుల షాపు కౌంటర్ వెనక పదిహేనేళ్ళు నిలబడ్డా, డాక్టరుకి చెప్పకుండా వాడేవన్నీ ఈ నేచురల్ సరుకులే.

సరే, ఇప్పుడు తీరిగ్గా అసలిది ఏంటో చెప్తా, ఎందుకంటే అది తెలిస్తే మీ ఇంట్లో ఎవరికి పనికొస్తుందో ఎవరికి పనికిరాదో సగం నీకే అర్థమైపోతుంది.

ప్రొపోలిస్ అంటే తేనె కాదు, మైనం కాదు, పుప్పొడి కాదు, రాణి ఈగకి తినిపించే రాయల్ జెల్లీ కాదు, వీటన్నిటినీ ఒకే గాటన కట్టేసి మాట్లాడేవాళ్ళు చాలామంది. ఇది బంక. చెట్ల మొగ్గల మీద, బెరడు చీరుకున్న చోట ఊరే జిగురుని తేనెటీగ దవడలతో గీకి వెనక కాళ్ళకుండే బుట్టల్లో పెట్టుకుని తెస్తుంది. ఆ బుట్టలు మామూలుగా పుప్పొడి మోసేవే, పుప్పొడైతే గూట్లోకి రాగానే తనే దులిపేసుకుంటుంది, కానీ ఇది అలా రాదు కదా, కాళ్ళకి అంటుకుపోయి ఉంటుంది, వేరే ఈగలు వచ్చి దవడలతో పట్టి పీకితేగానీ ఊడదు, అదంతా అయ్యేదాకా మోసుకొచ్చిన ఈగ అక్కడే నిలబడి పీకించుకుంటూ ఉండాల్సిందే, పాపం. దానికి కొంత మైనం, కొంచెం తమ నోటి ఊట కలిపితే తయారయ్యేదే ప్రొపోలిస్. సుమారుగా సగం చెట్టు జిగురు, 30 శాతం మైనం, 10 శాతం దాకా ఘాటు వాసనుండే నూనెలు, ఓ 5 శాతం పుప్పొడి, మిగతాది చిల్లర సరుకు.

మా బాబాయికి కొన్నాళ్ళు తేనెపెట్టెలు ఉండేవి. పెట్టె మూత ఎప్పుడూ చేత్తో ఊడేది కాదు, ఈగలు చుట్టూ బంక పెట్టి అతికించేసేవి. చల్లటి పొద్దున్నపూట ఇనప పట్టీ సందులో దూర్చి ఎత్తితే చట్‌మని గాజు విరిగినట్టు విరిగేది, అదే మిట్టమధ్యాహ్నం ఎత్తితే చూయింగ్ గమ్ లాగా తీగలు సాగి ఫ్రేముల్ని, వేళ్ళని, చొక్కా చేతుల్ని అన్నిట్నీ కలిపి అంటుకునేది. ముదురు గోధుమ రంగు, గోటితో గిల్లి వాసన చూస్తే తేనె వాసన కాదు, సాంబ్రాణికీ లేత మొగ్గకీ మధ్యలో ఏదో. ఆయన దాన్ని తిట్టుకుంటూ గీకి పారేసేవాడు, అమ్ముకోవచ్చని తెలిసేసరికి పెట్టెలే లేవు. ఒకసారి అడుగుపలక మీద ఒక చిట్టెలుక కనపడింది, ఎప్పుడు దూరిందో ఏమో, కుట్టి చంపేశాయి, కానీ బయటికి లాగిపారేసే బలం ఈగలకెక్కడిది, అందుకని తోకతో సహా మొత్తాన్ని ఈ బంకతో పూత పూసేశాయి, కుళ్ళలేదు, కంపు లేదు, ఎండిపోయి బొమ్మలా ఉంది. పుస్తకాల్లో చదివిన విషయమే కానీ కళ్ళారా చూశాక నాకు ప్రొపోలిస్ మీద గౌరవం పెరిగిందంటే అది ఆ ఎలుక వల్లే.

పేరు కూడా ఈ కాపలా పని నుంచే వచ్చింది, గ్రీకులో ప్రో అంటే ముందు, పోలిస్ అంటే నగరం, ఊరి ముంగిట కాపలా అన్నమాట. గూటి వాకిలి ఇరుకు చేసుకోవడానికి, పగుళ్ళు పూడ్చుకోవడానికి, గోడలకి లోపల వార్నిష్ లాగా పూసుకోవడానికి వాడతాయి. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో మార్లా స్పివాక్ అనే ఆవిడ, ఆవిడ టీమూ దీని మీద చాలా పని చేశారు. ఆ పూత బాగా ఉన్న గూట్లో క్రిముల బెడద తగ్గి ఈగల ఇమ్యూన్ సిస్టమ్‌కి పని తగ్గుతుందని, పిల్ల ఈగలకి ఫంగస్ జబ్బు తగిలితే ఆ గూటి ఈగలు బంక ఇంకా ఎక్కువ తేవడం మొదలుపెడతాయని వాళ్ళు చూపించారు. ఇంతకీ నేను చెప్పబోయేది ఏంటంటే, ఈగలు దీన్ని ఎక్కడ వాడుతున్నాయో చూడు. గోడకి పూస్తున్నాయి, గుమ్మానికి పూస్తున్నాయి, చచ్చిన ఎలుకకి పూస్తున్నాయి. తినట్లేదు. మనుషుల మీద జరిగిన పరీక్షలు చూసినా కథ దాదాపు అదే, పైపూతగా వాడిన చోట, పెదవి మీద, నోట్లో, చర్మం మీద, ఎంతో కొంత ఫలితం కనిపిస్తుంది, మింగి ఒంట్లో ఎక్కడో దూరాన ఉన్న జబ్బుని నయం చెయ్యమంటే సాక్ష్యం పల్చబడిపోతుంది. మీ ఆఫీసావిడ చెప్పినదాంట్లో తేడా కొట్టేది అక్కడే, ఆవిడ పూత మందుని తాగే మందు చేసేసింది.

ఇక నీ పెదవి పొక్కులు. ఈ మొత్తం వ్యవహారంలో ప్రొపోలిస్‌కి కాస్త గట్టి సాక్ష్యం ఉన్నది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. అది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్, ఎక్కువమందికి చిన్నప్పుడే ఎవరో ముద్దు పెట్టుకున్నప్పుడు అంటుకుని, ముఖానికొచ్చే నరం మొదట్లో, చెవికి కొంచెం ముందు కపాలం లోపల, దాక్కుని నిద్రపోతుంది. జ్వరమొచ్చినా, ఎండలో ఎక్కువ తిరిగినా, నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా లేచి నరం వెంబడి పెదవి దాకా వస్తుంది, అందుకే ఎప్పుడూ దాదాపు అదే చోట లేస్తుంది, గమనించే ఉంటావు. 2019లో అచ్చయిన ఒక పరీక్షలో దాదాపు 400 మందిలో సగం మందికి 0.5 శాతం ప్రొపోలిస్ సారం ఉన్న లిప్ క్రీమ్, సగం మందికి మామూలుగా వాడే 5 శాతం ఎసైక్లోవిర్ క్రీమ్ ఇచ్చి చూస్తే, ప్రొపోలిస్ వాళ్ళకి సుమారు 3 రోజుల్లో, ఎసైక్లోవిర్ వాళ్ళకి 4 రోజుల్లో పుండు చెక్కు కట్టడమో మానడమో జరిగింది. తేడా ఒక్కరోజే, అయినా మందు షాపులో దొరికే క్రీముకి తీసిపోలేదంటే చిన్న విషయం కాదు. అంతకుముందు 2000లో కింది భాగంలో వచ్చే హెర్పిస్ పుళ్ళ మీద 90 మందితో ఇంకో పరీక్ష జరిగింది, 3 శాతం ప్రొపోలిస్ ఆయింట్‌మెంట్ వాడిన 30 మందిలో 24 మందికి పదో రోజుకి మానిపోతే, ఎసైక్లోవిర్ వాడిన 30లో 14, ఉత్త ఆయింట్‌మెంట్ వాడిన 30లో 12. చిన్న పరీక్షే, కానీ రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

అయితే ఇక్కడొక మెలిక ఉంది, ఆ పరీక్షల్లో వాడింది లెక్కకట్టి తయారుచేసిన క్రీమూ ఆయింట్‌మెంటూ, మీ ఇంట్లో ఉన్నది ఆల్కహాల్లో కరిగించిన చుక్కలు. ఆ చుక్కలు పచ్చి పుండు మీద పెడితే ప్రాణం లేచొస్తుంది, మంటకి. నీకు వాడాలనుంటే పెదవులకని తయారైన ప్రొపోలిస్ క్రీమ్ తీసుకుని, పెదవి చివర చురుక్కుమని దురద మొదలయ్యే ఆ మొదటి పూటే పూయడం మొదలుపెట్టు, రోజుకి నాలుగైదు సార్లు, పొక్కు పెద్దదై పగిలాక పూస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఎసైక్లోవిర్ అయినా అంతే. ఇది మళ్ళీ రాకుండా మాత్రం ఆపదు, నరంలో పడుకున్నదాన్ని ఏ పూతా ముట్టుకోలేదు. పొక్కు ఉన్నన్నాళ్ళూ పాపని ముద్దు పెట్టుకోకు, ఆ చెయ్యి కంటికి తగలనివ్వకు, ఎప్పుడైనా పొక్కుతో పాటు కన్ను ఎర్రబడి నొప్పి పెడితే క్రీములూ చుక్కలూ అన్నీ పక్కనపెట్టి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ఏడాదికి ఆరు దాటితే రోజూ వేసుకునే మాత్రలున్నాయి, అవి అడుగు.

మీవారి నోటిపూతకి 2007లో ఒక చిన్న పరీక్ష ఉంది, 19 మందే, రోజుకి 500 మిల్లీగ్రాముల ప్రొపోలిస్ క్యాప్సూల్ ఇస్తే నోటిపూత రావడం తగ్గింది, కానీ 19 మంది అంటే ఒక మినీ బస్సుకి కూడా చాలరు, దాని మీద ఇల్లు కట్టలేం. కేన్సర్ మందుల వల్ల నోరు పుండైపోయిన వాళ్ళకి ప్రొపోలిస్ మౌత్‌వాష్ కొంత ఉపశమనం ఇచ్చినట్టు చాలా పరీక్షల్లో వచ్చింది, కాబట్టి నోట్లో పనిచేస్తుందనడానికి ఆధారం లేకపోలేదు. ఆల్కహాల్ లేని మౌత్‌వాష్ అయితే ఆయన పుక్కిలించి ఉమ్మేసి చూడొచ్చు. కానీ అసలు మాటిమాటికీ నోటిపూత ఎందుకొస్తుందో చూపించారా? బి12, ఐరన్, ఫోలిక్ యాసిడ్ తక్కువైతే ఇలాగే వస్తుంది, ఒక్క రక్త పరీక్షతో తేలిపోతుంది, కొందరికైతే నురగ బాగా వచ్చే టూత్‌పేస్టులో ఉండే సోడియం లారిల్ సల్ఫేట్ పడక కూడా వస్తుంది, అది లేని పేస్టు మారిస్తే చాలు. ఇంకొక్క మాట, ఏ పుండైనా మూడు వారాలు దాటి మానకపోతే, అందులోనూ ఆయనకి పొగాకు అలవాటు ఉంటే, తేనెటీగల్ని నమ్ముకుని కూర్చోకుండా డాక్టరుకి నోరు చూపించాలి.

షుగర్ గురించి రెండు ముక్కలే. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళకి మామూలు మందులతో పాటు రెండు మూడు నెలలు ప్రొపోలిస్ ఇచ్చి చూసిన పరీక్షలు చాలానే ఉన్నాయి, అన్నీ కలిపి చూస్తే పరగడుపు షుగర్ కొంచెం తగ్గింది, కొంచెమంటే కొంచెమే, ఒక్క మాత్ర మానెయ్యడానికి కూడా చాలని కొంచెం. మీ అత్తగారికి రక్తం పల్చబడే మందు లేకపోయినా నేను వద్దనే అనేదాన్ని, ఎందుకంటే ఇది మొదలుపెట్టినవాళ్ళు నెల తిరిగేసరికి షుగర్ మాత్ర ఒక పూట ఎగ్గొట్టడం నేను కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు చూశానో.

పాప విషయానికొస్తే, వద్దు, ముఖ్యంగా ఆ పిల్లికూతలు ఉన్నాయన్నావు చూడు, అందుకని. మొదటిది, ఇలాంటి చుక్కల్లో చాలావాటిని 70 శాతం దాకా ఉండే ఆల్కహాల్లో నానబెట్టి తీస్తారు, ఎందుకంటే ఈ బంక నీళ్ళలో సరిగా కరగదు, నాలుగేళ్ళ పిల్లకి రోజూ పొద్దున్నే అది అవసరమా. రెండోది ఇంకా పెద్దది, ఎలర్జీ. ఆయాసం ఉన్నవాళ్ళకి తేనెటీగల సరుకులు ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తాయి. ఆస్ట్రేలియాలో రాయల్ జెల్లీ వల్ల ఆస్తమా ఉన్నవాళ్ళకి తీవ్రమైన ఎలర్జీలొచ్చి, ప్రాణాలు కూడా పోయి, అప్పట్నుంచి దాని డబ్బా మీద ఆ హెచ్చరిక అచ్చెయ్యాలని రూల్ పెట్టారు. నాది ప్రొపోలిస్ కదా, రాయల్ జెల్లీ కాదు కదా అంటావేమో, లేబుల్ చదువు, చాలా బాటిళ్ళలో రెండూ కలిపే ఉంటాయి. పిల్లల జలుబు తగ్గిస్తుందని చూపించడానికి అందరూ ఎత్తేది 2004లో ఇజ్రాయెల్‌లో జరిగిన పరీక్ష, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు 430 మంది, 12 వారాలు, మందు తాగిన పిల్లలకి నిజంగానే జలుబులు బాగా తగ్గాయి. బాగానే ఉంది, కానీ ఆ సిరప్‌లో ప్రొపోలిస్ ఒక్కటే లేదు, ఎకినేషియా అనే మొక్క సారమూ, విటమిన్ సి కూడా ఉన్నాయి, ముగ్గురు కలిసి చేసిన పనికి ఒకరి మెళ్ళో దండ వేస్తే ఎలా. బడికి కొత్తగా వెళ్ళే పిల్లలకి ఏడాదికి ఏడెనిమిది జలుబులు మామూలే, కంగారు వద్దు, కానీ పిల్లికూతలు మామూలు కాదు, దానికి పిల్లల డాక్టరు ఇన్‌హేలర్ ఇస్తానంటే అలవాటైపోతుందేమోనని భయపడి వెనక్కి రాకు.

ఇమ్యూనిటీ పెరుగుతుందనే మాట కూడా మీ ఆఫీసావిడ అనే ఉంటుంది. కోవిడ్ అప్పుడు బ్రెజిల్‌లో ఒక హాస్పిటల్లో చేరిన 124 మంది మీద పరీక్ష చేశారు, 2021లో అచ్చయింది. మామూలు వైద్యంతో పాటు అక్కడి ఆకుపచ్చ రంగు ప్రొపోలిస్ రోజుకి 400 లేక 800 మిల్లీగ్రాములు ఇస్తే ఆ రెండు గుంపులూ 7, 6 రోజుల్లో ఇంటికెళ్ళారు, ఇవ్వని వాళ్ళకి 12 రోజులు పట్టింది. వినడానికి అద్భుతంగా ఉంది కదా, కానీ ఎవరికి ఏమిస్తున్నారో డాక్టర్లకీ తెలుసు రోగులకీ తెలుసు, ఉత్త మాత్ర ఇచ్చి పోల్చలేదు, ఆక్సిజన్ అవసరం పడ్డంలో పెద్ద తేడా కూడా రాలేదు. యూరప్‌లో ఫుడ్ సేఫ్టీ వాళ్ళు 2010లోనే ప్రొపోలిస్ మీద కంపెనీలు రాసుకోవాలనుకున్న ఆరోగ్యం మాటలన్నీ ముందేసుకుని చూసి, దేనికీ సరైన రుజువు లేదని పక్కన పెట్టేశారు. ల్యాబు గిన్నెలో క్రిముల మీద పోస్తే చస్తాయి, నిజమే, చీము పట్టించే స్టాఫిలోకాకస్ లాంటి క్రిముల మీద బాగానే పనిచేస్తుంది, కానీ గిన్నెలో అయితే దాని మీద నేరుగా పోస్తున్నాం, మింగితే పేగు దాటాలి, లివర్ దాటాలి, రక్తంలో కలిసి పల్చబడాలి, చివరికి అసలు చోటుకి చేరేది ఎంతని.

ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది మాత్రం అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు. పారాసిటమాల్ అంటే ఎక్కడ కొన్నా పారాసిటమాలే, ప్రొపోలిస్ అలా కాదు, ఈగ ఏ చెట్టు మీద వాలిందో ఆ చెట్టు జిగురే నీ బాటిల్లో ఉంటుంది. యూరప్ ప్రొపోలిస్ ఎక్కువగా పాప్లర్ చెట్ల మొగ్గలది, బ్రెజిల్ ఆకుపచ్చ ప్రొపోలిస్ బకారిస్ అనే పొద చిగుళ్ళది, దాంట్లో ఆర్టెపిల్లిన్-సి అనే పదార్థం దండిగా ఉంటుంది, పాప్లర్ దాంట్లో అది వెతికినా దొరకదు, బదులుగా పినోసెంబ్రిన్, క్రైసిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల పదార్థాలు ఉంటాయి. మొత్తంగా 300 పైచిలుకు పదార్థాలు పట్టుకున్నారు, ఏ రెండు గూళ్ళ సరుకూ ఒక్కలా ఉండదు. అందుకే ఒక రకం మీద జరిగిన పరీక్ష చూపించి ఇంకో రకం అమ్మితే నేను ఒప్పుకోను. దొంగ సరుకు సంగతి చెప్పనే అక్కర్లేదు, చైనాలో పాప్లర్ మొగ్గల్నే మరిగించి తీసిన బంకని ప్రొపోలిస్ అని అమ్మేస్తుంటే, సాలిసిన్ అనే పదార్థం ఉందో లేదో చూసి పట్టుకునే పద్ధతి కనిపెట్టారు, మొగ్గలో సాలిసిన్ ఉంటుంది, ఈగ నోట్లో పడితే దాని ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది, కాబట్టి అసలు ప్రొపోలిస్‌లో ఉండదు. ఎంత తెలివో చూడు, ఈగ ముట్టుకుందా లేదా అని ఈగ ఎంగిలి బట్టే తేల్చారు. నీళ్ళలో నాలుగు చుక్కలేస్తే పాలలా తెల్లబడితే ఒరిజినల్ అని చెప్తుంటారే, అది నమ్మకు, ఆల్కహాల్లో కరిగిన ఏ చెట్టు బంకైనా నీళ్ళలో పడితే అలాగే తెల్లబడుతుంది. లేబుల్ మీద సారం ఎంత శాతమో, దేంట్లో కరిగించారో, ఏ చెట్టు రకమో, సీసం పరీక్ష చేశారో లేదో ఉండాలి, ఎందుకంటే బంక కదా, గాలిలో దుమ్మూ ధూళీ అన్నీ దానికి అంటుకుంటాయి, ఎక్కువ బండ్లు తిరిగే చోట పెట్టెలుంటే సీసం కూడా. ఇవేవీ లేకుండా ఉత్త తేనెటీగ బొమ్మ ఉన్న బాటిలైతే, నేనైతే పెదవికి కాదు కదా తలుపు సందుకి కూడా పూయను.

ఇప్పుడు నా భాగోతం. ఇంత మాట్లాడుతున్న నేనే ఒకప్పుడు ప్రొపోలిస్ లిప్ బామ్ కొని చలికాలమంతా పూసుకున్నా. మొదటి మూడు వారాలు పెదవులు వెన్నలా ఉన్నాయి, అందరికీ చెప్పుకున్నా కూడా. నాలుగో వారంలో పెదవుల చుట్టూ సన్నగా దురద, బామ్ చాల్లేదేమోనని ఇంకొంచెం దట్టించా, మర్నాటికి పైపెదవి వాచి, చుట్టూ ఎర్రగా పొలుసులు లేచి, పది రోజులు మాస్కు వేసుకుని షాపుకెళ్ళా. స్కిన్ డాక్టరు వీపు మీద వరసగా పట్టీలు అతికించి రెండు రోజులు స్నానం వద్దన్నారు, రెండో రోజు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి చూశారు, ప్రొపోలిస్ పెట్టిన గడిలో చిన్న చిన్న నీటిపొక్కులు, పక్కనే పెరూ బాల్సమ్ అనే ఇంకో చెట్టు జిగురు గడి కూడా ఎర్రగా ఉంది, ఈ రెండిటికీ చుట్టరికం ఉందంట, ఒకటి పడనివాళ్ళకి రెండోది కూడా పడకపోవడం మామూలేనంట. అప్పట్నుంచి నేను ప్రొపోలిస్ ముట్టుకోను, ఈ ఎలర్జీ ఒకసారి వస్తే దాదాపు జీవితాంతం ఉండిపోతుంది. ఇలా పట్టీ పరీక్షకి వచ్చినవాళ్ళలో నూటికి ఒకరి నుంచి ఆరుగురి దాకా ప్రొపోలిస్ పడనివాళ్ళు తేలుతుంటారు, తేనెటీగలు పెంచేవాళ్ళలో ఇంకా ఎక్కువ. చాలామంది అడుగుతారు, నన్ను తేనెటీగ కుడితే ఏమీ కాదు కదా, నాకు ఎలర్జీ లేనట్టేగా అని. దానికీ దీనికీ సంబంధం లేదు, కుట్టినప్పుడు వచ్చేది ఈగ విషానికి, ఇది చెట్టు జిగురుకి.

అందుకని పెదవికి క్రీమ్ తెచ్చుకున్నా వెంటనే మొహాన పూసుకోకు. మోచేతి మడతలో, లోపలి వైపు, ఒక రూపాయి బిళ్ళంత మేర పొద్దున సాయంత్రం పూసి వారం రోజులు చూడు, ఒక్కరోజు పూసి ఏం కాలేదు అనుకోవడం కాదు, నా పెదవికి నాలుగో వారం దాకా ఏమీ కాలేదని చెప్పాగా. వారంలో దురదొచ్చినా, దద్దు లేచినా ఆ ట్యూబు అవతల పారెయ్. ఏం రాకపోతే పొక్కొచ్చిన నాలుగైదు రోజులు మాత్రం వాడి ఆపెయ్, నాలాగా బాగుంది కదాని రోజూ లిప్‌స్టిక్ లాగా వాడకు. నువ్వు గానీ ఇంట్లో ఎవరు గానీ నోట్లో వేసుకున్న కాసేపటికి పెదవులూ నాలుకా వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు పట్టేసినట్టుంటే అది ఎమర్జెన్సీ, ఎలర్జీ మాత్ర వేసి చూద్దాంలే అని కూర్చోకూడదు.

మీ ఆఫీసావిడని నొప్పించడం ఎందుకు అనుకుంటున్నావేమో, ఆవిడ ప్రేమగానే ఇచ్చింది కాబట్టి థాంక్స్ చెప్పు, మా అత్తగారి మందుకి పడదన్నారండీ అని చెప్పెయ్, అది నిజమే కదా. ఆవిడకి కూడా కిడ్నీ సమస్యేదైనా ఉందేమో మెల్లిగా అడుగు, ప్రొపోలిస్ తాగి కిడ్నీలు దెబ్బతిని, ఆపగానే కోలుకుని, మళ్ళీ తాగితే మళ్ళీ దెబ్బతిన్న మనిషి కథ మెడికల్ జర్నల్లో ఒకటి వచ్చింది, అరుదే, కానీ ఉంది.

ఆ మరక సంగతి. నీళ్ళూ సబ్బూ దాన్ని ఏమీ చెయ్యలేవు, బంక నీళ్ళలో కరగదని చెప్పా కదా, వేడినీళ్ళు అసలే పొయ్యకు, మెత్తబడి ఇంకా లోపలికి దిగుతుంది. గడ్డ కట్టి ఉంటే గుడ్డని ఫ్రీజర్లో ఒక గంట పెట్టి, పెళుసెక్కాక వేలితో చిదిపితే పొడి పొడిగా రాలిపోతుంది. మిగిలిన పసుపు మచ్చ కింద పాత గుడ్డ పరిచి, పైన దూదితో సర్జికల్ స్పిరిట్ అద్దుతూ ఉండు, రుద్దకు, అద్దాలి, రంగు కింది గుడ్డలోకి దిగుతుంది, అది మారుస్తూ మూడు నాలుగు సార్లు చెయ్యి, తర్వాత మామూలుగా ఉతుకు. రంగు గుడ్డయితే ముందు ఓ మూల అద్ది చూసుకో, స్పిరిట్ దగ్గర పొయ్యి వెలిగించకు. మీ కడుపులో మాత్రం అలా అంటుకోదులే, ఆ భయం పెట్టుకోకు.